ఆరంచుల ఇత్తడి పలక

వర్షకాలమంతయు ఎర్రబారిన గోదావరీజలములు తేరుకొని సముద్రనీలిమతో సంగమించుచు తీరమందలి మొగలిపొదల మొదళ్ళను మెల్లమెల్లగ తడుపుచుండగా, బాలభానుకిరణస్పర్శచే బంగారునీట ముంచి తీసినట్లు మెరయు తెరచాపలు రేవున బారులు తీరి నిలువగా, వలలు దులుపుకొను జాలరుల కేకలును తీరవిహంగముల కలకలమును ఏకమై దిక్కులు నిండుచుండగా నందననామ సంవత్సర కార్తికమాసమందలి యొక సోమవారపు ప్రభాతము మొగలిరేవు పట్టణముపై అవతరించెను.

ఆ వేళ నాంచారమ్మ యను నలువదేండ్ల వితంతువు తన యింటి నడవలో చాపపై కూర్చుండి తమ్ముని ప్రయాణపు సంచిని నాలవమారు సర్దుచుండెను. రెండు ధోవతులను ఒక కంబళిని తిరుమణిపెట్టెను అటుకుల మూటను వాసెనగట్టిన యావకాయ జాడీని ఒక క్రమమున పెట్టుటయు ఏదియో మరచితినను భీతిచే మరల వెలికి తీయుటయు తెల్లవారినది మొదలు ఆమెకు అదియే పని. తల్లి పోయిననాటికి రెండేండ్లవాడై తన చంకనెక్కి పెరిగిన గరుడాచలము ఇప్పు డిరువదిరెండేండ్ల ప్రాయమున రంగూనులోని యొక బియ్యపుమరలో వ్రాతపనికి కుదిరి సముద్రము దాటబోవుచుండెను.

“అక్కా, ఇలా విప్పుతూ కడుతూ ఉంటే ఓడ ఎక్కేలోగా సంచి చిరిగిపోతుంది. ఉత్తచేతులు ఊపుకుంటూ దిగుతాను రంగూన్లో.”

“నోరు మూసుకోరా. జాడీ ఒలికిందంటే నీ బట్టలన్నీ ఎర్రబడతాయి. అక్కడ ఉతికేదెవరు?”

“ఓ బర్మా పిల్లని చూసుకుంటాలే.”

“చూసుకో, చూసుకో. నాకో ఉత్తరం ముక్క రాయి. తర్వాత ఓడకే వచ్చి దాని జుట్టూ నీ పిలకా కలిపి ముడేస్తాను.”

ఇట్లు నవ్వుచునే ఆమె కన్నులు తుడుచుకొనెను. ఓడనెక్కువారు మూడుదినములు ముందుగ రేవునొద్ది కొట్టములలో నుండి వైద్యపరీక్ష పొందవలెనను కట్టుబాటు కలదు గావున గరుడాచలము ఆ పూటయే సంచి భుజాన వైచుకొని నడచిపోయెను. గురువారము తెల్లవారుసరికి పెరుగన్నము కట్టుకొని వత్తుననియు ఓడ కనుమరుగగువరకు ఒడ్డునుండి కదలననియు అక్క మాటయిచ్చెను.

పట్టణమునకు ఉత్తరపు కొసను సీమనుండి వచ్చిన దొరసాని యొకతె నెలకొల్పిన కుట్టుశాల కలదు. అందు నాంచారమ్మతో గూడ దిక్కులేని స్త్రీలు ముప్పదిమంది ఇంగ్లీషువారి రీతిని బొంతలు కుట్టుచుందురు. ఆ రీతి చూచుటకు సులభము, చేయుటకు దుష్కరము. ఆరంచుల ఇత్తడి పలకను కాగితముపై నుంచి చుట్టును గీతగీసి ఆ గీతవెంబడి కత్తిరింతురు. ఆ కాగితముపై చీటిగుడ్డ పేలికను మడచి పొడుగుకుట్లతో అప్పటికి బిగింతురు. ఇట్టి ముక్కలను అంచున కంచు చేర్చి కంటి కానరాని సన్నకుట్టుతో కలిపినచో నడుమ నొకటియు చుట్టును ఆరును గూడి పువ్వగును. పువ్వులు వందలకొలది గూడి బొంత యగును. ఒక్కొక్క ముక్కకు ఆరువైపుల పొరుగు కుదిరిన పిమ్మట లోని కాగితమును వెనుకనుండి లాగివేయుదురు. కాగితము పోయినను దాని యాకృతి గుడ్డయందు నిలిచియుండును.

ఆ శాలపై పెత్తనము పేరిందేవిది. ఏబదియేండ్లు పైబడిన యా వితంతువు కఠినవాక్కునకును కచ్చితమైన కొలతకును పేరుపడినది. చూపు మందగించినను పెత్తనము మందగింపలేదు. కత్తిరించుటకు వలయు కాగితములను పాత జాబులును చినిగిన పుస్తకములును కలిపి ఆమెయే బుట్టతో తెచ్చి నడుమ పోయుచుండెను. నాంచారమ్మకు అక్షరము రాదని పేరిందేవి యెరుగును. ఆ యెరుక తప్పని శాలలో నాంచారమ్మ యొక్కతెయే యెరుగును. పదునైదేండ్లుగా ఆ ఆరంచుల తునకలను త్రిప్పి త్రిప్పి చూచుచు దారికడ్డమైన అక్షరము నొక్కొక్కదానిని పట్టుకొని ఆమె తనకుతాను చదువు నేర్చుకొనినది. మొదలు తుది లేని వాక్యములే ఆమె యోనమాలు. ఎవరైన నవ్వుదురేమోయను జంకుచే ఆ సంగతి తమ్మునికి దక్క నొరులకు చెప్పియుండలేదు.

ఆ వారము జిల్లా కలెక్టరుదొర భార్యకు కానుకగా నియ్యవలసిన బొంత తుదిదశయందుండెను. మంగళవారము బుధవారము నాంచారమ్మ తల యెత్తకుండ కుట్టెను. బుధవారము మధ్యాహ్నమున రేవువైపునుండి ఓడకూత వినబడగా ఆమె సూది యాగెను.

“ఉప్పు ఓడే, నీ ఓడ కాదు. కానియ్యి, కానియ్యి,” అని పేరిందేవి ప్రక్కనుండి హెచ్చరించెను.

గురువారము పెరుగన్నపు మూటతో రేవునకు పోయిన నాంచారమ్మకు కొట్టములు తలుపులు తెరచుకొని శూన్యముగ కనబడెను. పడవవాడొకడు త్రాడు చుట్టుకొనుచు ఆమెవంక చూచి “రంగూను ఓడా? నిన్న మిట్టమధ్యాహ్నమే లేచిపోయిందమ్మా! గాలి మారుతోందని ఓ రోజు ముందే తోలేశారు. ఓ కుర్రోడు మాత్రం నా పడవెక్కనని మొండికేశాడు, మా అక్క వస్తుందని. ఆఖరికి ఎత్తి కూలేశాం,” అనెను.

ఫాల్గుణమున జాబు వచ్చెను. గరుడాచలము విషూచివ్యాధిచే రంగూను ఆసుపత్రిలో మృతినొందెనని అందు రెండు పంక్తులుండెను. ఆ రెండు పంక్తులను నాంచారమ్మ యెవరిచేతను చదివించుకొనలేదు.

నందన గడచి విజయనామ సంవత్సరము వచ్చెను. చైత్రమున నొకనాడు కుట్టు ముగిసిన యొక చిన్నబొంతనుండి కాగితములు లాగుచుండగా వానిలో నొకదానిపై పరిచితమైన వ్రాలు కనబడెను. ఎడమకు వాలి తలకట్టు పొడుగుగ సాగు ఆ వ్రాలు మరియెవ్వరిదియు గాదు. ఆమె ఒక్కొక్క కాగితమునే లాగి మరి యైదింటిని ఏరి ఒడిలో అంచున కంచు చేర్చెను. బొంత కుట్టు చేతికి అది క్రొత్తపని గాదు. ‘అక్కా ఓడ రేపే బుధవారము మధ్యాహ్నమే లేచును. కుట్టుశాలకే ఈ చీటి పంపుచున్నాను. నిన్ను చూడనిదే నేను ఎక్క’ అని అంతవరకు కుదిరెను. తరువాతి తునక యే బొంతలోనికి పోయెనో దొరకలేదు. కాగితముల వెనుకతట్టున ఎర్రదారము రెండుండలు తెల్లదారము నాలుగుండలు అను జాబితా పేరిందేవి స్వహస్తమున నుండెను.

అప్పుడు నాంచారమ్మ యేడ్వలేదు. ఎదుట పీటపై కూర్చుండి ఎవతెనో తిట్టుచున్న పేరిందేవిని మాత్రము చాలసేపు చూచెను. మంటమీద పాలు పొంగినట్లు పొంగి చల్లారు కోపము గాదది. ఊకక్రింది నిప్పువలె పైకి పొగయైనను లేక అడుగున కణకణలాడు కోపము.

ఆ యేడు దొరసాని మార్గశిరమున స్వదేశమునకు మరలిపోనుండెను. పోవుటకు ముందు చెన్నపట్టణపు ప్రదర్శనమునకు మూడువేల ముక్కల మహాబొంత నొకదానిని పంపదలచి అది చక్కగ కుదిరినచో కుట్టుశాలను సర్వాధికారములతో పేరిందేవి చేతబెట్టి పోదునని ప్రకటించెను. పేరిందేవికి పిల్లలు లేరు, ఇల్లు లేదు. ఆ శాలయే ఆమెకు సర్వస్వము. అది యెరిగియే నాంచారమ్మ పని యారంభమగుటకు ముందటి యాదివారమున పలకను కొంగున ముడివైచుకొని కంచరి వీరభద్రుని కొలిమికి పోయెను.

“వంకరది సరిచెయ్యమని వస్తారు గానీ సరైనదాన్ని వంకర చెయ్యమన్నది నువ్వొక్కతెవే తల్లీ. మతిగానీ పోయిందా?”

“నా మతి సంగతి నీకెందుకయ్యా? ఆరంచుల్లో ఒక్క అంచు. వెంట్రుకవాసి. కంటికి తెలియకూడదు.”

“కంటికి తెలియందానికి ఆకురాయి అరగదీసుకోవడం దేనికీ?”

“మూడువేలసార్లు కత్తిరిస్తే తెలుస్తుందిలే.”

వెంట్రుకవాసి తప్పు ఒక్క పువ్వునందు తెలియదు. బొటనవ్రేలితో కొంచెము లాగి కుట్టిన కుదిరిపోవును. పువ్వునకు పువ్వు చేర్చునపు డది చిన్న ముడుతయగును. ఆషాఢమునాటికి ముడుతలు కనబడసాగెను. పేరిందేవి యాగ్రహము మిన్నుముట్టెను.

“పలక సీమనుంచి వచ్చిందే! అది తప్పు చేస్తుందా? పాడైంది మీ వేళ్ళు. గేదెలకి గడ్డి వేసే చేతులు! విప్పండి, మళ్ళీ కుట్టండి!”

ముప్పదిమంది విప్పుచుండిరి, కుట్టుచుండిరి. విప్పినదెల్ల మరల ముడుతపడుచుండెను. శ్రావణమున నొకనాడు పదునెనిమిదేండ్ల తులశమ్మ వ్రేళ్ళపై పేరిందేవి కొలతబద్ద విరిగెను. ఆ సాయంకాలము నాంచారమ్మ ఆ వ్రేళ్ళకు పసుపు పూయుచుండగా ఆ పిల్ల మెల్లగ అడిగెను.

“అత్తా, నిజం చెప్పు. నా చెయ్యి పాడైపోయిందా?”

“నీ చెయ్యి బంగారమే.”

“మరెందుకు కుదరట్లేదు?”

నాంచారమ్మ పలక సంగతి చెప్పక పసుపు పూయుచునే యుండెను. ఆ రేకులవంటి వ్రేళ్ళ వాపును చూచి ఆమెకు జాలి కలుగలేదని చెప్పుట అసత్యము. కాని ఆ జాలికంటె పడవ యెక్కనని పెనగులాడిన యొకని చేతులు ఆమె కన్నులయెదుట పెద్దవై నిలిచెను. తులశమ్మ మరి రెండుమాసములు దెబ్బలు తినెను.

కార్తికమున దొరసాని యెదుట పొడవైన బల్లపై మహాబొంత పరచబడెను. నీలారుణహరితవర్ణశోభితమై నందనవనమువలె నున్న యా బొంత బల్లపై పడుకొననొల్లక నడుమ గాలినిండిన తెరచాపవలె ఉబ్బి లేచెను. దొరసాని అరచేత నొక చోట అదిమెను. మరియొక చోట లేచెను. అక్కడ అదిమెను, ఇంకొక చోట లేచెను. ఆమె పెదవి కరచుకొని చేతిని వెనుకకు తీసికొనెను. తప్పెక్కడనని యడుగగా పేరిందేవి చేతులు జోడించి పలక నిక్కమైనదేయనియు పనివాండ్ర వ్రేళ్ళే తప్పనియు పలికెను. పదునైదేండ్లుగా నీ చేతికింద పెరిగిన వ్రేళ్ళు తప్పయినచో ఆ తప్పు నీదేకదాయని దొరసాని మృదువుగ ననెను. ఆ మృదుత్వమే మరణశాసనము. మూడుదినములలో పెత్తనపు పీట పనిలో అందరికంటె పాతదైన నాంచారమ్మదయ్యెను.

నాలవనాడు పేరిందేవి శాలకు తుదిసారి వచ్చి ఎవ్వరును లేని సమయమున ఆ పలకను చేత దీసికొని గోటికొన నొక్కొక్క యంచు వెంబడి నడపెను. అయిదంచులు దాటి ఆరవదానిపై గోరు నిలిచెను.

“నాంచారూ,” అని ఆమె తలయెత్తెను. “ఇది నీ పనా?”

నాంచారమ్మ రవికలోనుండి ఆరు కాగితములు తీసి బల్లపై అంచున కంచు చేర్చి పరచెను. పేరిందేవి మొగము దగ్గరగ వంచి చూచెను. ఆమె పలికిన మొదటిమాట క్షమాపణము గాదు.

“నీకు చదవడం వచ్చా?”

“మీరు కత్తిరించమని పారబోసిన కాగితాలే నేర్పాయి, పెద్దమ్మగారూ.”

“ఆ రోజు చీటీ సంగతి చెబితే నువ్వు సూది కింద పడేసి పరిగెత్తేదానివి. ఇంకా పదకొండు పువ్వులున్నాయి. అందరూ ఏడాదికి తిరిగొస్తున్నారు కదా, వీడూ వస్తాడులే అనుకున్నానే. పోతాడని నాకేం తెలుసు?”

“పదకొండు పువ్వులు,” అనెను నాంచారమ్మ. “వెళ్ళి దొరసానమ్మగారితో చెప్పండి, పలక నేనే అరగదీయించానని. నేను కాదనను. ఎందుకు అరగదీయించానో కూడా మీరే చెప్పండి.”

పేరిందేవి చెప్పలేదు. చెప్పజాలదని ఇరువురకును తెలియును. పలకను బల్లపై పెట్టి లేచుచు ఆమె రంగూనులో నొక దొరగారి బిడ్డలను సాకు పని కుదిరినదనియు ఎల్లుండి ఉదయమే ఓడయనియు చెప్పెను. గడపయొద్ద ఆగి వెనుకకు తిరుగకుండనే పలికెను.

“నాకు ఎవరూ లేరు నాంచారూ. నీకూ తెలుసు. రేవుదాకా వస్తావా?”

నాంచారమ్మ బల్లపైని ఆరు కాగితములను ఏరి మరల రవికలో దాచుకొనెను.

ఓడ లేచునాటి ఉదయమున నాంచారమ్మ స్నానముచేసి ఉతికిన బట్ట కట్టుకొని తలుపు తీసి వీధిలోనికి వచ్చెను. రేవునకు దక్షిణపు దారి, శాలకు ఉత్తరపు దారి. ఆమె ఉత్తరముగ నడచి పెత్తనపు పీటపై కూర్చుండి సూదిలో దార మెక్కింప యత్నించెను. తొమ్మిదిమారులు తప్పెను. ఓడకూత వినబడినప్పుడు తక్కినవారందరును ఆమె మొగమువంకనే చూచిరి. ఆమె “కానియ్యండి, కానియ్యండి,” అనెను. ఆ మాట తన నోట విని తానే నివ్వెరపడెను. పగ సాధించినవారికి ప్రాప్తించునది పగవారి స్థానమే. ఆ స్థానమందు కూర్చున్నవారికి శత్రువు కొరతయేగాని శాంతి చేకూరదు.

మీదట ఇరువదియేండ్లపాటు రంగూనునుండి ఓడ వచ్చిన ప్రతిదినమును నాంచారమ్మ రేవునకు పోయి దిగువారిని తుదివాని దాక చూచి మరలుచుండెను.

విజయనామ సంవత్సర మార్గశిర శుద్ధ పంచమినాడు ఓడనెక్కి పోయిన పేరిందేవి మరల రాలేదు.