కేకు మీద సుబ్బరత్నమ్మ

ఆ బేకరీలో కేకుల మీద పేర్లు రాసేది చిన్ని. చేరి నెల తిరగలేదు గానీ, క్రీము కోను పట్టిందంటే అక్షరాలు ముత్యాలే. నోరు మాత్రం ఆ చేతికంటే వేగం. పేరు చూసి మనిషి ఎలా ఉంటారో చెప్పడం, తోటి పిల్లల్ని నవ్వించడం ఆమెకు పని మధ్యలో పని.

ఆ మధ్యాహ్నం వచ్చిన ఆర్డరు ఎవరో బామ్మగారి ఎనభయ్యో పుట్టినరోజుకి. పేరు సుబ్బరత్నమ్మ.

"అరకిలో కేకు మీద ఇంత పేరా! సగం పెట్టె మీద రాయాలేమో," అంది ప్యాకింగ్ అమ్మాయి.

"ఈవిడ నాకు చూడకుండానే తెలుసు," అంటూ చిన్ని నడుం మీద చెయ్యేసుకుని, మూతి మూడు వంకర్లు తిప్పింది. "ఒళ్లంతా నొప్పుల మందు వాసన. గొంతెత్తితే మూడు వీధులకు నిద్రుండదు. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో వాళ్లకంటే ముందు ఈవిడకే తెలుస్తుంది. పేరు పెట్టేనాటికే ముసలిదై ఉంటుంది!"

అందరూ పడీ పడీ నవ్వారు. చిన్ని మరీ ఎక్కువ నవ్వింది. ఎందుకంటే వాళ్లమ్మ పేరూ సుబ్బరత్నమ్మే. స్కూలు రోజుల నుంచీ ఆ పేరంటే చిన్నికి తలవంపులు. ఇక్కడ ఎవరికీ తెలియదు, తెలియకూడదు కూడా. తను భుజాలు తడుముకోవడం ఎవరైనా చూస్తారేమోనని, గుమ్మడికాయల దొంగని అందరికంటే గట్టిగా తనే తిట్టింది.

నవ్వులు ఆగేసరికి గుమ్మంలో తల్లి నిలబడి ఉంది, చేతిలో కూతురు మరిచిపోయిన అన్నం డబ్బాతో. ఎప్పుడొచ్చిందో ఏమో. మొహంలో మాత్రం ఏమీ తెలియనివ్వలేదు.

"మా అమ్మ," అంది చిన్ని, ఎవరూ అడక్కుండానే.

కేకు మాస్టరు మంచివాడు. ఒక్కోసారి మంచివాళ్లతోనే చావొచ్చిపడుతుంది. "మొదటిసారి వచ్చారు, ఉత్త చేతుల్తో పంపుతామా?" అంటూ చిన్న కేకు ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. "చిన్నీ, అమ్మగారి పేరు నువ్వే రాయి. పేరేంటమ్మా?"

కోను చిన్ని చేతిలోనే ఉంది. మా అమ్మ పేరూ అదేనండీ అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నలుగురూ నాలిక కరుచుకునేవాళ్లు, ఆ పైన నవ్వేసేవాళ్లు. కానీ ఆమె కోను మొన తుడుస్తూ నిలబడింది. తల్లి ఒక్క క్షణం కూతురి మొహంలోకి చూసింది.

"స్వప్న అండీ," అంది.

"ఎంత చక్కటి పేరో!" అంది ప్యాకింగ్ అమ్మాయి.

చిన్ని రాసింది. తలకట్టు కూడా వంకర పోకుండా రాసింది. చెయ్యి వణకనందుకే ఆమెకు ఎక్కువ సిగ్గేసింది.

పెట్టె పట్టుకుని గుమ్మం దాకా వెంట వెళ్లింది. ఏదో ఒకటి అనాలనుకుంది. తల్లే దగ్గరికి జరిగి, లోపలివాళ్లకు వినపడకుండా అంది:

"ఇంటికెళ్లగానే దీన్ని చెరిపేస్తాలేవే. మీ నాన్న చూస్తే ఎవరిదీ పేరని అడుగుతారు. పాపం, నువ్వేం చెప్తావు?"

అన్నం డబ్బా కూతురి చేతిలో పెట్టి, కేకు పెట్టె తను అందుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.