ఏడువేల రెండువందల పైన

"వీధి గేటుకు కట్టేది లేదు. నేను బతికుండంగా లేదు," అంది పీరమ్మ. ఆ మాట అనడం పొద్దుటి నుంచి అది మూడోసారి.

"గేటుకు కాకపోతే ఫ్లెక్సీ యాడ కడతారమ్మా? వంటింట్లోనా?" అన్నాడు రెహమాన్.

"వంటింట్లోనే కట్టుకో, నాకేమి! కోడలి మొగం వీధిలో యాలాడగట్టేది మన ఇంట్లో ఎప్పుడన్నా ఉండిందా? ఎలెక్షన్లకు ఏమన్నా నిలబడతాందా?"

"అమ్మ నిలబడితే నీ ఓటు పడదని తెలిసిపాయలే జేజీ," అంది శిరీన్. డిగ్రీ చదివే మనవరాలికి నాయనమ్మను కదిలించడం ఒక ఆట.

వరండాలో పరిచిన ఫ్లెక్సీ నాలుగు మూలలా నాలుగు చెప్పులు పెట్టారు, గాలికి లేవకుండా. మధ్యలో ఫిరోజా ఫొటో. తల మీద చున్నీ, చున్నీ మీద హెడ్‌ఫోన్లు. కింద పెద్ద అక్షరాలు: 'హ్యామ్ రేడియోలో వంద దేశాలను పలకరించిన మన కడప ఆడబిడ్డ'. కింది మూల రెహమాన్ ఫొటో, ఆయన మోటార్ వైండింగ్ షాపు పేరు, ఫోన్ నంబరు.

"ఆ మూలన నీ బొమ్మ ఎందుకురా?" అంది పీరమ్మ.

"మొగుణ్ణి కదమ్మా."

"మొగునికి ఫోన్ నంబరు ఎందుకు?"

వంటింట్లో చాట పట్టుకుని బొబ్బర్లలో రాళ్లు ఏరుతున్న ఫిరోజాకు నవ్వొచ్చింది. తన ముఖం గేటుకు వేలాడాలా వద్దా అని తనను ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదో ఆమెకే తెలియదు. సిగ్గుగా ఉంది. లోపల ఎక్కడో సంతోషంగానూ ఉంది. ఎల్లుండి ఆదివారం నలభై మంది భోజనానికి వస్తున్నారు. కర్నూలు నుంచి రేడియో క్లబ్బు వాళ్లు, ఒక విలేకరి, చుట్టాలు. అందరికంటే ముఖ్యంగా ఆమె నాయన మాబు సాహెబ్. ఎనభై ఒకటో ఏట కర్నూల్లో బస్సెక్కి వస్తానన్నాడు.

పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి రిటైరైన మాబు సాహెబే ఆమెకు, ఇంట్లోని సెట్టుతో గాలిలో దేశదేశాల వాళ్లను పలకరించే ఈ విద్య నేర్పింది. పెళ్లై, పిల్ల పుట్టి, ఆ పిల్ల హైస్కూలుకు పోయాక, ముప్పై ఎనిమిదో ఏట ఫిరోజా పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. రెహమాన్ నవ్వుకుంటూనే వైండింగు తీగతో మేడ మీద ఏరియల్ కట్టి ఇచ్చాడు. తొమ్మిదేళ్లలో, వంటకూ వంటకూ మధ్య దొరికిన సందుల్లో, తొంభై తొమ్మిది దేశాల వాళ్లు ఆమె పిలుపుకు బదులు పలికారు. నూరోది ట్రినిడాడ్. "వెస్టిండీస్ క్రికెటోళ్ల ఊరు," అని రెహమాన్ షాపుకు వచ్చిన ప్రతి రైతుకూ చెప్పాడు. బోరు మోటారు కాలిపోయి ఏడుపు ముఖంతో వచ్చినవాళ్లకు కూడా.

అది ఫిబ్రవరి సంగతి. ఈ ఆటలో ఒక ఆనవాయితీ ఉంది. గాలిలో మాట్లాడుకున్నంత మాత్రాన చాలదు. అవతలివాళ్లు తారీఖు, టైము, ఏ ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడిందీ రాసి, పోస్టులో కార్డు పంపాలి. కార్డు వస్తేనే ఆ దేశం లెక్కలోకి వస్తుంది. ట్రినిడాడ్ కార్డు జూన్ వచ్చినా రాలేదు. వస్తుందిలే అని రెహమాన్ పిలుపులు పిలిచేశాడు.

ఆ రోజు, ఫ్లెక్సీ గొడవ ఇంకా తెగకముందే, పోస్టుమాన్ గేటు తట్టాడు.

కార్డు మీద నీలం సముద్రం, ఎర్ర రెక్కల పక్షి. వెనక గుండ్రటి చేతిరాత. 'ప్రియమైన ఫిరోజా, ఇండియా నుంచి ఒక స్త్రీ గొంతు వినడం నాకు ఇదే మొదలు. విన్‌స్టన్.' రెహమాన్ కార్డును రెండు చేతులతో పట్టుకుని తల్లికి చూపించాడు. పీరమ్మ పక్షిని చూసి, "దీన్ని వండుకుంటారా ఆడ?" అని అడిగింది.

చివరికి కార్డు ఫిరోజా చేతికి వచ్చింది. ఆమె పేరు చదివింది, తారీఖు చదివింది, టైము చదివింది. ఫ్రీక్వెన్సీ దగ్గర ఆగిపోయింది. 7235. దాని పక్కనే 'ఇద్దరమూ' అని.

తన నోటు పుస్తకం తెరిచి చూసింది. ఆమె రాసుకున్నది 7160.

షార్ట్‌వేవ్‌లో నలభై మీటర్ల పట్టీ అని ఒకటుంది. అందులో మన దేశపు హ్యాములు మాట్లాడదగ్గది ఏడువేల కిలోహెర్ట్జ్ నుంచి ఏడువేల రెండువందల దాకా. ఆ పైన వంద మన వైపు ప్రసార కేంద్రాల వంతు. అమెరికా ఖండాల వాళ్లకేమో ఆ వంద కూడా ఇచ్చారు, ఏడువేల మూడువందల దాకా పోవచ్చు. గాలికి గోడల్లేవు. ఒకే అల ట్రినిడాడ్ మీదా పోతుంది, కడప మీదా పోతుంది. మాట్లాడే హక్కు మాత్రం ఆ దేశానికొక తీరు. అందుకే వాళ్లు పైన మాట్లాడుతుంటే మనం పైన వింటూ, కింద మన వంతులోకి దిగి బదులిస్తాం. సెట్టులో దానికొక మీట ఉంది. స్ప్లిట్ అంటారు. అది నొక్కితే వినడానికి ఒక అంకె, పలకడానికి ఇంకో అంకె. విన్‌స్టన్ ఆ తెల్లవారుజామున 7235 మీద పిలుస్తూ, ఆసియా వాళ్లు 7160 మీద రండి, అక్కడ వింటున్నానని స్పష్టంగా చెప్పాడు. ఆమె రెండో అంకె పెట్టుకుంది కూడా.

మీట నొక్కిందా?

"శిరీన్, ఆ పొద్దు తీసిన వీడియో ఉండాది కదా నీ ఫోన్లో?"

చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఆ వీడియో చూడనివాళ్లు లేరు. ఫిరోజా ఇంతకుముందు ఇరవైసార్లు చూసింది, తన ముఖమే చూసుకుంటూ. ఇప్పుడు సెట్టు మీది అంకెలు చూసింది. మైకు నొక్కినప్పుడు 7235 కాస్తా 7160కి మారాలి. వీడియోలో ఫిరోజా మైకు నొక్కింది, పిలిచింది, వదిలింది. అంకె కదల్లేదు. విన్‌స్టన్ బదులు పలికాడు. తను పిలుస్తున్న 7235ని కూడా ఒక చెవితో వింటున్నాడు కాబోలు. శిరీన్ కేక పెట్టి గంతేసింది, ఫోన్ ఊగింది. అంకె అలాగే ఉంది.

వీడియో మొదట్లోనే పీరమ్మ కేక వినిపిస్తుంది: "ఫిరోజా, పాలు పొంగుతాండాయే!" ఆమె లేచి పరుగెత్తింది, స్టవ్ ఆర్పి వచ్చి కూర్చుంది, మీట నొక్కేశాననుకుని మైకు అందుకుంది. సూర్యుడు పైకి వచ్చేస్తున్నాడు, పొద్దెక్కితే ఆ దూరం అందదు, విన్‌స్టన్ గొంతు సన్నబడుతోంది, ఉన్నది అయిదు నిమిషాలు.

విషయం చెప్పగానే రెహమాన్ ముందు నవ్వాడు. "అంతేనా? ఇంకా ఏమో అనుకొని బెదిరిపోతిని."

"మనకు పర్మిషన్ లేని చోట మాట్లాడినా. ఆ కాంటాక్ట్ లెక్కకు రాదు."

"యాడ మాట్లాడినావో ఎవురు చూసినారు?"

"వీడియోలో ఉండాది."

"వీడియో మూడు వందల మంది చూసినారు. ఒక్కడన్నా అడిగినాడా? మనోళ్లకు ఆ అంకె ఒకటే, కరెంటు బిల్లు అంకె ఒకటే." గొంతు తగ్గించాడు. "సరే, మళ్లా పిలువు ఆయప్పను. రేపే పిలువు."

"పిలిస్తే వచ్చేదానికి ఆయప్ప పక్కీధిలో ఉన్నాడా? ఇప్పుడు ఉరుముల కాలం, అంతా గరగర. చలికాలం దాకా ఆ దోవ తెరుచుకోదు. అప్పుడన్నా తెరుచుకుంటాదని చెప్పలేను."

పీరమ్మ మంచం మీద నుంచి అంతా వింటూనే ఉంది. "అంటే, నా పాల వల్ల పాయనా?"

"పాల వల్ల కాదత్తా. మీట నొక్కేది నా పని."

"నాకు అర్థమయ్యేటట్టు చెప్పు. ఏం తప్పు చేసినావు నువ్వు?"

పీరమ్మ పుట్టిల్లు కేసీ కాలువ కింద మడి ఉన్న ఇల్లు. ఫిరోజా ఒక్క క్షణం ఆలోచించింది. "కాలువ నీళ్లు మీ ఊరికి రెండు దినాలు, కింద ఊరికి రెండు దినాలు అని వంతు పెడతారు కదత్తా. కింద ఊరి వంతులో నేను తూము ఎత్తినా. తెలీక ఎత్తినా."

"ఓహో." పీరమ్మ కాళ్లు ముడుచుకుంది. "మా నాయన కూడా ఎత్తినాడులే ఒకసారి. కానీ, తెలిసి ఎత్తినా తెలీక ఎత్తినా, నీళ్లు పారినాక మడి పండకుండా ఉంటాదా? ఆయప్ప పలికినాడు కదా నీతో?"

ఫిరోజా కార్డు మళ్లీ తిప్పి చూసింది. పలికాడు. ఇండియా ఆడగొంతు వినడం ఇదే మొదలని రాశాడు. అదేమీ అబద్ధం కాదు.

సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తూ నాయనకు ఫోన్ చేసింది. ఆయన అరుస్తాడనుకుంది. చిన్నప్పుడు పుస్తకంలో టైము రెండు నిమిషాలు తప్పు రాసినందుకు పేజీ మొత్తం మళ్లీ రాయించిన మనిషి.

మాబు సాహెబ్ అంతా విన్నాడు. "బిడ్డా, నేను లైసెన్సు తీసుకున్నప్పుడు మనకు ఏడువేల వంద దాకే. దాటితే తప్పు. మళ్లా రెండొందలు చేసినారు. నాకు తప్పయింది నీకు ఒప్పయింది. రేపు మూడొందలు కూడా చేస్తారేమో, ఎవురికి తెలుసు. గీత వాళ్లు జరుపుతానే ఉంటారు. దాని కోసం నువ్వు ఏడుస్తావా?"

"జరిపినాక దాటుతా నాయనా. ఇంకా జరపలేదు కదా."

"నాకు కండ్లు మసకబారుతాండాయి. ఆ ఫ్లెక్సీలో నీ పేరు నా కండ్లతో చదవాలని ఉండాది. అంతే." ఆయన దగ్గి, "నీ ఇష్టం," అని పెట్టేశాడు.

'నీ ఇష్టం' అన్న ఆ మాట ఆమెను పడుకోనివ్వలేదు. నాయన కోప్పడి ఉంటే ఎంత సులువుగా ఉండేది! ఆయన చెప్పింది చేశాననిపించుకునేది.

శనివారం పొద్దున నమాజు అయ్యాక సెట్టు ముందు కూర్చుంది. ఆన్ చేయలేదు. నోటు పుస్తకం తిరగేసింది. తొమ్మిదేళ్ల పేజీలు. కొన్నింటి మీద పసుపు మరకలు, ఒకదాని మీద శిరీన్ హైస్కూల్లో ఉన్నప్పుడు గీసిన కోడి. ఇంట్లో ఆమె ఎన్ని అబద్ధాలు ఆడుతుందో ఆమెకు తెలుసు. రెహమాన్ ఇంట్లో ఉండగానే లేడని చెబుతుంది. ఆడబిడ్డ తెచ్చిన చీర బాగుందంటుంది. అత్త చేతి పులుసు ఉప్పెక్కువైనా లొట్టలేస్తుంది. సంసారం అన్నాక అవన్నీ ఉండాలి, వాటికి ఆమె ఎప్పుడూ బాధపడలేదు. ఈ పుస్తకంలోకి మాత్రం అవి రాలేదు. వినబడితే వినబడిందని రాసింది, వినబడకపోతే లేదని రాసింది. ఒకసారి జపాను మనిషి ఆమె పేరు సగమే పట్టుకుంటే, ఆ కార్డు వచ్చినా లెక్కలో వేసుకోలేదు. ఎవరూ చూడనిదాన్ని అంత శుభ్రంగా ఎందుకు ఉంచుకుందో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. వంటిల్లు అందరిదీ. సెట్టు ముందరి ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే ఆమె ఒక్కతిగా ఉంటుంది.

ఫిబ్రవరి పేజీ తీసింది. 7160 మీద ఒక గీత కొట్టి పక్కన 7235 అని రాసింది. దాని పక్కన, 'నా పొరపాటు. మన వంతు కాదు. లెక్కలో వేయలేదు' అని రాసి, సంతకం పెట్టింది.

తర్వాత తెల్లకాగితం తీసుకుని కూర్చుంది. పోస్టాఫీసు నుంచి తిరిగి వచ్చేసరికి పదిన్నర అయింది. ఎక్కడికి పోయావని ఎవరూ అడగలేదు. చేతిలో కొత్తిమీర కట్ట ఉంది.

మధ్యాహ్నానికే మాబు సాహెబ్ దిగాడు, ఒక రోజు ముందే. రాత్రి అందరూ కింద కూర్చుని తింటున్నారు. సంగటి, గోంగూర, నాయన కోసం మెత్తగా ఉడికించిన కోడికూర. రెహమాన్ కుర్చీలు ఎన్ని వస్తున్నాయో చెబుతున్నాడు. విలేకరి ఏం అడుగుతాడో, అమ్మ ఏం చెప్పాలో శిరీన్ చెబుతోంది. పీరమ్మ వియ్యంకుడి పళ్లెం వైపు చూసి, "అన్నా, మెల్లగా తిను, ముల్లు లేదులే కానీ ఎముక ఉండాది," అంటోంది.

ఫిరోజా నాయన పళ్లెంలో ఇంకో ముద్ద పెట్టి, గిన్నె పక్కన పెట్టింది.

"ఒక మాట చెప్తా, తినేది ఆపొద్దండి," అంది. "ట్రినిడాడ్‌ను నేను లెక్కలో వేసుకోలేదు. నాయి తొంభై తొమ్మిదే. ఢిల్లీ లైసెన్సు ఆఫీసుకు, నా పొరపాటు ఇదీ అని రాసి, పొద్దున రిజిస్టర్ పోస్టు చేసినా. విన్‌స్టన్‌కూ రాసినా."

రెహమాన్ చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. "లైసెన్సు పీకేస్తే?"

"పీకితే పీకనీ. పీకరనే అనుకుంటాండా. వంద అని రాసిన ఆ ఫ్లెక్సీ కట్టేది లేదు. రేపు పిలిచినోళ్లంతా రావాల్సిందే, వండేది వండుతా. తొంభై తొమ్మిది ఎందుకైందో వాళ్లకు నేనే నిలబడి చెప్తా. నువ్వు ఏం చెప్పాల్సిన పని లేదు."

 మాబు సాహెబ్ తలెత్తకుండా సంగటి ముద్దను కూరలో అద్దుకుని తింటున్నాడు.