ఎర్ర నూగు

మా ఆయన భిక్షపతికి తాను నేసిన బట్ట మీద తప్ప లోకంలో దేని మీదా నమ్మకం లేదు. స్కూటీలో పెట్రోలు పోసేటప్పుడు కూడా, మగ్గం మీద నుంచి కోసిన కొత్త ఎర్ర ఇక్కత్ ముక్కను ట్యాంకు మూతికి కట్టి వడగడతాడు. ఉతికి ఉతికి మెత్తబడ్డ చీర పేలిక వాడమంటే వినడు.

స్కూటీ దారిలో ఆగిపోవడం మొదలయ్యాక, తప్పంతా సీసాల్లో పెట్రోలు అమ్మే ఇక్బాల్ బీదేనన్నాడు. ఆమె దుకాణం ముందు నిలబడి నలుగురూ వినేలా అరిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నేనే స్కూటీని తోసుకుంటూ మెకానిక్ నూరుద్దీన్ దగ్గరికి పోయాను. మా ఆయన తిట్టుకుంటూ వెనకాలే వచ్చాడు.

నూరుద్దీన్ కార్బొరేటర్ విప్పి, అడుగున పేరుకున్న నూగును వేలి మీదికి తీశాడు.

"చూసినవా! గామె పెట్రోల్ల ఎంత చెత్తుందో!" అన్నాడు మా ఆయన.

"పెట్రోల్ల ఎర్ర దూది యాడికెల్లి వస్తదన్నా?" అన్నాడు నూరుద్దీన్. "కొత్త బట్టను కోస్తే అంచు నూగు రాలుస్తది. గదే పోయి లోపల అడ్డం పడ్డది. బట్ట వద్దు, సన్న జాలీ ఉన్న గరాటు పెట్టు."

మా ఆయన నూరుద్దీన్ వేలిని దగ్గరికి లాక్కుని ఎండకు పట్టి చూశాడు. ఇక ఇక్బాల్ బీ దగ్గరికి పోయి తప్పయిందని చెప్తాడనుకున్నాను.

"ఇన్ని దినాలు పెట్రోల్ల నానినా," అన్నాడు మెల్లగా, "రంగు జరంత గూడ పోలే, చూసినవా స్వర్ణా!"