నాలుగో బోను

నిన్న పొద్దుట నుంచి తల్లికి దూరంగా ఉంచిన ఎలుక పిల్లల పొట్టల్లో, పలచటి చర్మం కింద, తెల్లగా పాలు కనిపిస్తున్నాయి.

నాలుగో బోను. మిగతా బోనుల పిల్లల పొట్టలు ఖాళీ.

మా పాల పరిశోధనశాలలో నేను తేల్చవలసింది ఒక్కటే. పిల్లలు చప్పరిస్తేనే తల్లి రక్తంలో ప్రొలాక్టిన్ అనే పాల హార్మోను పెరుగుతుంది. అది ఉంటేనే పొదుగు కణాలు ద్వారాలు తెరిచి, పాలకు కావలసిన అమైనో ఆమ్లాలను లోపలికి లాక్కుంటాయి. పిల్లల్ని ఒక రోజు తీసేస్తే ద్వారాలు మూసుకోవాలి. రెండుసార్లు చేశాను. రెండుసార్లూ నాలుగో తల్లిలో తెరిచే ఉన్నాయి.

"చంకలో బిడ్డ, చేతిలో పిపెట్. ఏదీ తిన్నగా సాగదమ్మాయ్," అన్నారు మా పరిశోధనశాల పెద్ద డాక్టర్ లోగన్. "మూడోసారీ ఇంతే అయితే పని నీ తోటి రోరీకి ఇచ్చేస్తా."

చీపుర్ల గదిలో కూర్చుని పాలు పిండుకుంటూ ఆ మాట నమ్మాను కూడా. "పాలిచ్చే రోజుల్లో బుర్ర పనిచెయ్యదే ఇష్బెల్," అనేది మా అత్తగారు. బోనుల్లో ఎప్పుడూ తల్లుల్నే చూశాను. పిల్లల్ని చూడాలని తోచనే లేదు.

ఈ రోజు తొమ్మిదికి బదులు ఏడింటికే బయల్దేరాను.

"ఇప్పుడే వెళ్తే వీడికి పాలెవరు పడతారు?" అన్నాడు మా ఆయన గ్రెగర్.

"సీసా ఉంది. నీకు చేతులున్నాయి."

ఆ పిల్లల పొట్టలు చూశాక మూడోసారీ కొలిచాను. నాలుగో తల్లిలో ద్వారాలు తెరిచే ఉన్నాయి. తెరిచి ఉండాల్సిందే! నా చెయ్యి మూడుసార్లూ నిజమే చెప్పింది.

టీ వేళ అందరి ముందూ కొలతల కాగితం బల్ల మీద పెట్టాను.

"ఆ పిల్లలు తెల్లవారాక పాలు తాగాయి సార్. ఆరింటికి ఇక్కడి గది తలుపులు తీసేదెవరు? ఇది తేలాక పని నాది, వ్యాసం మీద మొదటి పేరూ నాది."

డాక్టర్ లోగన్ కళ్ళజోడు తీశారు.

"నేనే. తలుపు పక్క బోను కదా, కీచుకీచుమని ఒకటే ఏడుపు. మా ఇంట్లో నలుగురు పిల్లలు ఏడ్చినా ఏనాడూ మంచం దిగలేదు. వీటిది మాత్రం వినలేకపోయాను. మూడుసార్లూ తల్లి దగ్గర వేసి, మళ్ళీ తీసేశాను. తప్పు నీదని రెండుసార్లు అన్నాను. ఒక్క అరగంటే ఇష్బెల్... అది కూడా నీ చేతికి దొరికిపోతుందనుకోలేదు."