పద్దెనిమిది వీపులు

1958లో మా బీయస్సీ వృక్షశాస్త్రం క్లాసులో అబ్బాయిలు పద్దెనిమిది మంది, ఆడపిల్లను నేనొక్కదాన్నే. రెండేళ్ళలో వాళ్ళెవరూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అది పొగరు కాదు, మర్యాదట. ఆ మర్యాదంటే నాకు ఒళ్ళుమంట.

ఎడారి మొక్కలు చూపించడానికి దానయ్య మాస్టారు ఒకరోజు మమ్మల్ని గుంటూరు నుంచి బస్సులో దాచేపల్లి తీసుకెళ్ళారు. వారం రోజులు నాన్నను బతిమాలి వచ్చాను. ఈ ఒక్కరోజైనా అందరితో కలిసి నడుస్తానని, ఎవరో ఒకరు పలకరిస్తారని ఆశ.

అంతా నాపరాళ్ళ నేల. ఎటు చూసినా నాగజెముడు, బొంతజెముడు, తెల్లటి దుమ్ము. నేను దగ్గరికి వెళితే అబ్బాయిలు పక్కకి తప్పుకునేవారు. ఆగితే ముందుకు సాగిపోయేవారు. మాస్టారు బొంతజెముడు కొమ్మ గిల్లి, "పాలు కారుతున్నాయి చూశారా? ఇది కాక్టస్ కాదర్రా" అన్నారు. ఆ పాలు నాకు కనపడలేదు. అడ్డంగా పద్దెనిమిది వీపులున్నాయి.

తిరుగుదారిలో నాగజెముడు ముల్లు చెప్పులోంచి మడమలోకి దిగింది. కూలబడ్డాను. పిలుద్దామంటే ఎవర్ని పిలవాలి? ఒక్కరి పేరూ నా నోటితో అని ఎరగను. వాళ్ళు నడుస్తూనే ఉన్నారు. రోడ్డెక్కాక మాస్టారు హాజరు పిలవడం మొదలుపెట్టారు, నాకు వినపడుతూనే ఉంది. నాలుగింటి బస్సు తప్పితే మళ్ళీ మర్నాడే.

"జహీరున్నీసా!"

నేను నోరు తెరిచేలోపే అబ్బాయిల్లో అందరికంటే వెనకున్న ఇమ్మానియేలు, వెనక్కి తిరిగి చూడకుండానే, "వచ్చారు సార్" అన్నాడు. ఆడపిల్లను తిరిగి చూడడం తప్పు కదా మరి!

నాకు సిగ్గూ భయమూ రెండూ పోయాయి. "ఒరేయ్ ఇమ్మానియేలూ! నేను రాలేదురా!" అని గొంతు చించుకున్నాను.

అందరూ పరిగెత్తుకొచ్చి, పది అడుగుల దూరంలో ఆగిపోయారు. నా కాలి నుంచి నెత్తురు కారుతోంది. మాస్టారు గొంతు సవరించుకుని, "ముల్లు తీసుకోమ్మా, మేం ఇక్కడే ఉంటాం" అన్నారు. అని, అబ్బాయిలతో సహా అటు తిరిగి నిలబడ్డారు.

మొదటిసారి లాగితే ముల్లు విరిగింది. రెండోసారి గోళ్ళతో పట్టి లాగాను. ఏడుపొచ్చింది. అంతమంది అంత దగ్గరగా ఉండగా అంత ఒంటరిగా నేనెప్పుడూ ఏడవలేదు.

"అయిందామ్మా?" అన్నారు మాస్టారు, అటు తిరిగే.

"అయింది సార్."

అందరూ బయల్దేరారు. నేను కుంటుతున్నానని మెల్లగా నడిచారు, ఆ పది అడుగుల దూరం తగ్గకుండా.