స్టాంపు మీద ముద్ర

స్పాంజిని రెండుసార్లు గట్టిగా పిండి, మూడోసారి సగమే పిండింది కురమోచి ఫుసాయె. పూర్తిగా పిండితే స్టాంపు అంటదు, పిండకపోతే కాగితం నానిపోతుంది. ముప్ఫై ఒక్క ఏళ్లలో తెలుసుకున్న రహస్యమిది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. స్పాంజిని గాజుగిన్నెలో పెట్టి, కొనేవాళ్ల చేతికి అందేలా కిటికీ అంచుకు జరిపి, మోచేతులకు నల్ల తొడుగులు వేసుకుంది.

టోక్యోలో పేటెంట్ల కార్యాలయం నేలమాళిగలో, ఫలహారశాలకూ మెట్లకూ మధ్య ఉంటుంది ఆ కిటికీ. కొత్త వస్తువు కనిపెట్టామని వచ్చినవాళ్లు కట్టాల్సిన రుసుముకు ఇక్కడ స్టాంపులు కొని, అర్జీ మీద ఎడమవైపు పైన అంటించి, కింద మొత్తం రాసి పైకి తీసుకెళ్తారు. ఆ అర్జీలు తర్వాత ఏమవుతాయో ఫుసాయెకు ఒక్కసారి కూడా తెలియలేదు. ఇప్పుడు అందరూ కంప్యూటర్లోనే కట్టేస్తున్నారు, కాగితంతో వచ్చేవాళ్లు రోజుకు పదిమంది ఉంటే గొప్ప.

పొట్టి మనిషి. జుట్టు చెవుల దగ్గరే నెరిసింది. కుడి బొటనవేలు స్టాంపులు చింపీ చింపీ కాస్త పక్కకు వంగింది. పెళ్లి చేసుకోలేదు, అడిగిన ఇద్దరికీ ఆదివారం చెబుతానని చెప్పి చెప్పలేదు. ఎప్పుడూ ఆలస్యంగా రాలేదు. కొన్న ప్రతివాడికీ చిల్లరతో పాటు ఒక్క మాట అప్పజెప్పేది: "వీటి మీద ముద్ర వేయకండి."

దానికి కారణముంది. సంతకానికి బదులు వేసే పేరు ముద్ర లేనిదే ఆ దేశంలో ఇల్లు అద్దెకు రాదు, పిల్లకు బడిలో సీటు రాదు. మామూలు రసీదు స్టాంపు మీద అడ్డంగా ముద్ర పడితేనే అది చెల్లుతుంది. ఈ స్టాంపు మీద పడిందా, చెల్లదు. అలవాటు పడ్డ చెయ్యి ఈ తేడా ఎక్కడ పాటిస్తుంది? ఆమె చేరిన రెండో ఏట ఒక కుర్రాడు కిటికీ ఎదుటి స్తంభం పక్క బల్ల దగ్గర ఒక్కో స్టాంపు మీదా శ్రద్ధగా ముద్ర వేస్తుంటే ఫుసాయె అద్దంలోంచి చూసింది. అమ్మడం వరకే మన పని అని అంతకుముందే పైవాళ్లు మందలించారు. నోరు మూసుకుంది. గంట తర్వాత అతను పాలిపోయిన మొహంతో దిగివచ్చి, అర్జీని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసి వెళ్లిపోయాడు. ఆ మొహం ఆమెను ఇప్పటికీ వదల్లేదు. మర్నాటినుంచే ఆ మాట చెప్పడం మొదలుపెట్టింది.

ఇవాళ ఆమెకు కొలువులో ఆఖరి రోజు. పక్క కుర్చీలో రేపటినుంచి కిటికీ చూసుకోబోయే నిషివాకి కూర్చుని ఉంది.

మూడున్నరకు ఒక ముసలాయన మెట్లు దిగాడు. గోళ్ల సందుల్లో ఇనుప మసి, భుజాన గుడ్డమూట.

"అరవై వేల అయిదొందల యెన్‌కి ఇవ్వు తల్లీ. పేటెంటు కాదు పొమ్మన్నారు గదా, మళ్లీ చూడమని అర్జీ. నా పేరు సెకికవా. త్సుబామె ఊరి నుంచి వస్తన్నా."

"గడువు ఎప్పటికండీ?"

"ఇయ్యాలే. మూణ్ణెల్లు కూచున్నావు, పెళ్లికీ ఇట్టాగే చివర్లో వచ్చావు అని తిట్టి రైలెక్కించింది మా ఆవిడ."

"దిద్దిన పత్రం జత చేశారా? చేస్తే ముందు కాదన్న అధికారే ఇంకోసారి చూస్తారు."

"మళ్లీ ఆయనేనా!"

"రెండోసారి చూసే కన్ను వేరుగా ఉంటుంది లెండి," అంది ఫుసాయె. అలా అనడం ఆమెకే ఆశ్చర్యమనిపించింది.

అతను మూటలోంచి నున్నటి ఉక్కు కడియం ఒకటి తీశాడు. ఒంటిచేత్తో సీసామూత తీసే పనిముట్టు.

"ఆవిడకి కుడిపక్క పడిపోయింది. నే లేనప్పుడు ఊరగాయ సీసా వంక చూస్తా కూచుంటది. అది చూళ్లేక చేశా. ఈ డబ్బు ఇంకోసారి తేలేను తల్లీ, పాలిష్ పట్టే మర కూడా అమ్మేశా."

ఫుసాయె స్టాంపులు చింపి ఇచ్చింది. నోరు తెరవబోతుండగానే వెనక తలుపు తెరుచుకుంది. పెద్ద పూలగుత్తితో పర్యవేక్షకుడు త్సుకుదా, వెంట ఇంకో నలుగురు. "కురమోచిగారూ, ఒక్క నిమిషం ఇటు తిరగండి!" ఆమె తిరిగి వంగి నమస్కరించింది. పూలు చేతిలోకి వచ్చాయి. త్సుకుదా గొంతు సవరించుకున్నాడు.

"కురమోచిగారు ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క పొరపాటు కూడా..."

ఆమె చటుక్కున కిటికీ వైపు తల తిప్పింది. మాట చెప్పలేదు! ఇరవై తొమ్మిదేళ్లుగా ఒక్కరికీ మానని మాట!

"క్షమించండి," అని పూలతో సహా పక్క తలుపులోంచి పరుగు తీసింది. ఒక చెప్పు బల్ల కిందే ఉండిపోయింది. ప్రసంగం నోట్లో పెట్టుకుని త్సుకుదా నిలబడిపోయాడు.

సెకికవా స్తంభం పక్క బల్ల దగ్గర ఉన్నాడు. ముద్రను పెదవుల దగ్గర పెట్టుకుని, సిరా బాగా అంటాలని వెచ్చగా ఊదుతున్నాడు.

"ఆగండి! వేయకండి!"

అతని చెయ్యి గాల్లోనే ఆగింది. ఫుసాయె వంగి చూసింది. యాభైవేలది శుభ్రంగా ఉంది. పదివేలది శుభ్రంగా ఉంది. అయిదువందల దాని మీద మాత్రం సెకికవా పేరు గుండ్రంగా, ఎర్రగా, ముచ్చటగా పడింది.

"చిన్నదానితో మొదలెట్టా," అన్నాడతను బిత్తరపోయి. "తప్పా?"

"తప్పు నాది. చెప్పాల్సింది చెప్పలేదు," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

నిషివాకి ఎవరూ పిలవకుండానే స్పాంజి గిన్నె పట్టుకొచ్చింది. జిగురింకా పచ్చిగానే ఉంది. పూలు బల్ల మీద పెట్టి, వంకర బొటనవేలితో అంచు తడిపి, ఊదుతూ, తడుపుతూ, కాగితం చిరగకుండా ఫుసాయె ఆ స్టాంపును లేపింది. సెకికవా జేబులు తడిమి అయిదువందల నాణెం తీశాడు.

"నూడుల్స్ డబ్బులు పోయె. పోతే పోనీ!"

కొత్త స్టాంపు నిషివాకి అమ్మింది. చిల్లర ఇవ్వాల్సింది లేకపోయినా గొంతు పెంచి, "వీటి మీద ముద్ర వేయకండి!" అంది. ముగ్గురూ నవ్వారు.

"ఇది ఇక్కడ ఉంచుకోనా?" అని పాడైన స్టాంపు చూపించింది ఫుసాయె. "మీ తర్వాత కొనేవాళ్లకు చూపించడానికి."

"నా పరువు బజార్న పెడతావా!" అని నవ్వాడు. "సరే, పెట్టు. పేటెంటొచ్చినా రాకున్నా ఈ ఊళ్లో నా పేరు నిలుస్తది."

ఆమె స్టాంపును కిటికీ అద్దానికి బయటివైపు, కొనేవాళ్ల కళ్లకెదురుగా అంటించింది. నాలుగూ ఇరవైకి అతను పైనుంచి దిగివచ్చి, అందినట్టు తేదీ వేసిన నకలు ఆమె ముఖం ముందు ఆడించాడు.

"నెగ్గితే కడియం ఒకటి నీకే."

"ఈ అమ్మాయికి పంపండి. నాకు ఫోన్ చేసి చెబుతుంది. చేస్తావా?"

"అర్ధరాత్రయినా సరే," అంది నిషివాకి.

అయిదింటికి ఫుసాయె మోచేతి తొడుగులు విప్పి, మడిచి, సంచిలో పెట్టుకుంది. స్పాంజిని ఎంత పిండాలో నిషివాకికి చేసి చూపించింది. రెండో చెప్పు వెతికి తొడుక్కుంది. పూలగుత్తి మెట్ల మలుపు దాకా కనిపించి, తర్వాత కనిపించలేదు.

కిటికీ అద్దం మీద అయిదువందల స్టాంపు, దాని మీద సెకికవా ఎర్రముద్ర, కాస్త పక్కకు ఒరిగి, ఒక మూల ఇంకా తడిగా.