పొద్దటి గోలీ

అన్నం గిన్నె సర్దాలి. పాత చీటీ, కొత్త చీటీ, ఎక్స్‌రే కవరు సంచిలో పెట్టాలి. ఆఫీసుకు సెలవు మెసేజ్ పంపాలి. తాండూరులో రైలెక్కి పదింటికల్లా వికారాబాద్ డాక్టరు ముందుండాలి. కొత్త గోలీ రాసి నెలైనా అమ్మ కాళ్ల వాపు ఎందుకు తగ్గలేదో అడగాలి. నిరోషా అన్నీ చేసింది. చివరిదొక్కటే మిగిలింది.

అడిగే పని పడలేదు. డాక్టరే ఆమె తల్లి భీమమ్మ పాదం మీద వేలితో నొక్కాడు. గుంట పడి అలాగే ఉండిపోయింది.

"గుండె బలహీనంగ ఉంది, ఒంట్ల నీరు పోవాలని చెప్పిన గదా. పొద్దున్నే గోలీ మింగుతున్నవా?"

"మింగుతున్న సార్," అంది భీమమ్మ, నేల చూస్తూ.

"అబద్ధం చెప్పేటోళ్లకు నేనేం మందు రాయాలె?" డాక్టరు నిరోషా వైపు తిరిగాడు. "చదువుకున్నదానివి, నువ్వన్న చూసుకోవా?"

నిరోషాకు ఒళ్లు మండింది. ముందు తల్లి మీదే. "అమ్మా, నిజం చెప్పు. ఎన్ని మింగినవ్?"

"ఆదివారం ఆదివారం మింగుతున్న బిడ్డా. చర్చి నుంచి వచ్చినంక."

"తక్కిన రోజులు?"

"అది మింగితే గడియకోసారి ఒంటికి పోవాలె. బండల పాలిషింగు కాడ ఆడోళ్లకు జాగ యాడుంది? సుట్టూ లారీలు, మొగోళ్లు. మేమంత నీళ్లు తాగుడే బంజేసినం. పని దినాల మింగకు అని కొండమ్మ చెప్పింది. ఆమె గూడ గట్లనే..."

భీమమ్మ ఆగిపోయింది.

తల్లితో పనిచేసిన కొండమ్మ పోయిన ఎండాకాలం మిషన్ పక్కనే ఊపిరాడక పడి చనిపోయింది. ఆమె గూట్లో విప్పని గోలీ పట్టీలు చూసి, మొండిది, మందు మింగలేదు అన్నారంతా. నిరోషా కూడా అన్నది.

"సార్, మా అమ్మ ఏం పని చేస్తదో మీరు అడిగిండ్రా?"

"బయట ముప్పై మంది ఉన్నరమ్మా."

"ఒక్క మాటే గద సార్. నేను గూడ అడగలే, నన్ను తిట్టిండ్రు, మాట పడ్డ. మీరు గూడ పడాలె."

డాక్టరు చీటీ లాక్కుని ఒక గీత కొట్టాడు. "ఇంటికి ఎన్నింటికొస్తవమ్మా?"

"నాలుగున్నరకు సార్."

"అయితే ఐదింటికి మింగు. పండుకునేలోపు జోరు తగ్గుతది. రోజూ మింగాలె."

అర నిమిషం పట్టింది. అంతే.

తిరుగు రైల్లో భీమమ్మ కూతురి చెయ్యి తట్టింది. "ఇంకా కోపమేంది బిడ్డా? సార్ మంచోడే, మార్చిండు గదా."

"అందుకే కోపమొస్తుంది. గా అర నిమిషం కొండమ్మకు ఎవరిచ్చిండ్రు?"

భీమమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. రైలు ధారూర్ దాటింది.

కొండమ్మ పదకొండేళ్లు తాండూరులో బండలు మోసింది, దప్పిక ఓర్చుకుని. మీ ఇంట్లో ఎవరైనా గోలీలు దాచిపెడితే, తిట్టే ముందు ఆమెను ఒక్కసారి తలచుకోండి.